రెండోసారి పుట్టెంటికలు

నిజామాబాద్‌లో మాది రెడీమేడ్ బట్టల దుకాణం. బట్టల దుకాణం అన్నాక అద్దం తప్పదు. మా బాపు కాలంలో ఒక్కటే అద్దం ఉండేది, అది కూడా అంచుల్లో పూత లేచిపోయి మచ్చలు పడ్డది. గల్లా పెట్టె నా చేతికి వచ్చాక నేను గొప్పకు పోయి ఎదురెదురుగా రెండు నిలువుటద్దాలు పెట్టించాను. చొక్కా తొడుక్కున్న మనిషికి ముందూ వెనకా రెండూ కనిపిస్తే బేరం తొందరగా తెగుతుందని నా ఆలోచన. గిరాకీలకు వాళ్ల వీపు కనిపించింది. నాకు నా నడినెత్తి కనిపించింది.

మనిషికి తన నడినెత్తి తనకు కనబడకుండా దేవుడు మంచి ఏర్పాటు చేసి పెట్టాడు. ఆ ఏర్పాటును నేనే చేతులారా చెడగొట్టుకున్నాను. రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్లయింది, నాకు నలభై దగ్గర పడుతున్నాయి. ముందు నుంచి చూస్తే అంతా బాగానే ఉంది, దువ్వుకుంటే పాపిట నిలుస్తుంది. వెనక అద్దంలో మాత్రం నడినెత్తి మీద పూరీ అంత మేర చర్మం మెరుస్తోంది. ట్యూబులైటు వెలుగు పడుతోందేమో అనుకుని దాన్ని పక్క గోడకు మార్పించాను. మెరుపు మాత్రం ఎక్కడికీ పోలేదు.

"లైటుది గాదు, గది మీ నెత్తే," అన్నది మా ఆవిడ, మధ్యాహ్నం టిఫిన్ డబ్బా ఇవ్వడానికి దుకాణానికి వచ్చినప్పుడు. "శాన దినాల సంది సూస్తున్న. మనసు కష్టపెట్టుకుంటరని చెప్పలే."

ఇంట్లో గ్యాస్ అయిపోతే గడియకోసారి చెప్పే మనిషి ఈ ఒక్క విషయంలో నోరు కట్టేసుకుంది చూడండి. ఆ రోజు నాకు జుట్టు పోయిన బాధ కంటే, బజారందరికీ తెలిసిన సంగతి నా ఒక్కడికే తెలియలేదన్న కోపం ఎక్కువ వచ్చింది. డబ్బాలో అన్నం అట్లాగే వదిలేశాను.

అయితే అది ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. బోధన్ నుంచి వచ్చింది.

మా అవ్వ పుట్టిల్లు బోధన్. ఆమె తమ్ముడు, అంటే నా మేనమామ, అక్కడి చక్కెర ఫ్యాక్టరీలో కాటా దగ్గర పనిచేసేవాడు. రైతుల చెరకు బండ్లు వచ్చి కాటా మీద నిలబడితే తూకం చూసి లోపలికి పంపడం ఆయన పని. నేను బడికి పోయే ఎనభైలలో, సీజన్ వచ్చిందంటే బోధన్ రోడ్డు మీద ఎడ్లబండ్ల వరుస తెగేది కాదు. సెలవు దొరికితే చాలు మేము బస్సెక్కేవాళ్లం. ఊరు రాకముందే, చక్కెర తీయగా మిగిలే మొలాసిస్ మడ్డి వాసన బస్సు కిటికీల్లోంచి లోపలికి వచ్చేది. తియ్యగా, కొంచెం పులిసినట్టుగా, గొంతులో దిగినట్టుండే వాసన. కొత్తవాళ్లు ముక్కు మూసుకునేవాళ్లు. మాకు మాత్రం ఆ వాసన తగిలిందంటే మామ ఇల్లు వచ్చినట్టే. ఫ్యాక్టరీ మూతపడ్డది, ఇప్పుడు బోధన్ పోతే ఆ వాసన లేదు. నాకు ఆ ఊరు సగమే కనిపిస్తుంది.

మామకు ముప్పై నిండకముందే జుట్టు పోయింది. చెవుల మీద, మెడ వెనక ఒక సన్నటి అంచు మిగిలింది, మిగతాదంతా నున్నగా ఉండేది. దాన్ని దాచుకునే మనిషి కాదు. "నా నెత్తి మీద చెరకు బండ్లు నడిసి నడిసి బాట పడ్డది," అని ఆయనే అనేవాడు. కానీ మందుల మీద ఆశ మాత్రం విడవలేదు. గుంటగలగరాకు నూనె రాశాడు. ఉల్లిగడ్డ రసం రాశాడు. నిమ్మగింజలు, మిరియాలు కలిపి నూరి పట్టించి, మంటకు తాళలేక వాకిట్లో గంతులేశాడు.

బోధన్ అంగడికి మహారాష్ట్ర వైపు నుంచి ఒక మందులాయన వచ్చేవాడు. ఆకుపచ్చ నూనె సీసాలు బట్ట మీద పరిచి "బఘా, బఘా! కేస్ యేతీల్!" అని అరిచేవాడు. చూడండి, చూడండి, వెంట్రుకలు వస్తాయి అని. మామకు మరాఠీ బాగా వచ్చు. ఆయనతో గంటసేపు మరాఠీలో బేరమాడి, గెలిచినంత సంబరంగా సీసా తెచ్చేవాడు. ఒకసారి మామ భార్య, మా అత్తమ్మ, ఆ సీసాను అటూ ఇటూ తిప్పి చూసి, "వాని నెత్తికి అంత పెద్ద రుమాలెందుకు సుట్టుకుండో అడిగినవా?" అన్నది. మామ ఆ సంగతి ఆలోచించలేదు.

అన్నింటికీ మించింది మొలాసిస్ వైద్యం. చెరకు అంత ఏపుగా పెరుగుతుంది కదా, దాని సారం రాస్తే వెంట్రుక ఎందుకు పెరగదు అని ఫ్యాక్టరీలో ఎవరో అన్నారట. ఎండాకాలం మధ్యాహ్నం మామ చిన్న గిన్నెలో నల్లటి మొలాసిస్ తెచ్చుకుని, తలంతా పట్టించుకుని, రేకుల కింద నులక మంచం మీద పడుకున్నాడు. కాసేపటికి గండుచీమలకు కబురు అందింది. మామ లేచి బోరింగు దగ్గరికి ఉరికిన ఉరుకుడు నాకు ఇప్పటికీ కళ్లముందుంది. మేం పిల్లలం బోరింగు కొడుతున్నాం, ఆయన దాని కింద కూర్చుని తల రుద్దుకుంటున్నాడు, మాకంటే ఎక్కువ నవ్వుతున్నాడు. "కొట్టుండ్రిరా! ఇంకా గట్టిగ కొట్టుండ్రి!" నా చిన్నతనంలో సంతోషం అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను ఆ బోరింగు చప్పుడే చెబుతాను.

ఇంకొకటి కూడా చెప్పాలి. మా రెండు ఇళ్లవాళ్లం కలిసి అప్పుడప్పుడు వేములవాడ పోయేవాళ్లం. మా వైపు ఏ మొక్కు ఉన్నా అక్కడి దేవుడు రాజన్నకే. ఎవరికి జ్వరం తగ్గినా, ఎవరి పంట ఒడ్డెక్కినా తలనీలాలు ఇవ్వాల్సిందే. అందరం కళ్యాణకట్టలోకి పోయి వరుసగా కూర్చుని గుండ్లు చేయించుకునేవాళ్లం. మామ మాత్రం లోపలికి వచ్చేవాడు కాదు. "దేవుడు నా వాటా ముందుగాలనే తీస్కుండు. మీరు పోయిరండ్రి, నేను చెప్పులు సూస్కుంట కూసుంట," అనేవాడు. మేం స్నానాలు చేసి, గుండ్లకు గంధం పూయించుకుని వచ్చేసరికి గోడ నీడలో తువ్వాల కప్పుకుని కూర్చుని ఉండేవాడు. ఎవరి చెప్పులు వాళ్లకు జతలు జతలుగా పేర్చి పెట్టేవాడు. మమ్మల్ని చూడగానే "ఇగ అందరం ఒక్కటే!" అని దగ్గరికి లాక్కుని, తన తలను మా తలలకు రాసేవాడు. మా గంధం ఆయన నెత్తికి అంటేది. వెంటనే తువ్వాలతో తుడిచేసుకునేవాడు. "నేను ఇయ్యలేదు గద, నాకెందుకురా గంధం," అనేవాడు. మాకు అది కూడా ఒక జోకే.

మా ఇంట్లో ఒక పాత ఫోటో ఉంది. నా పుట్టువెంట్రుకలు తీసినప్పటిది. మా దగ్గర పిల్లలకు పుట్టుకతో వచ్చిన జుట్టును ముట్టుకోకుండా ఉంచి, దేవుడి దగ్గర మేనమామ ఒడిలో కూర్చోబెట్టి తీయిస్తారు. మొదటి కత్తెర మేనమామదే. పుట్టెంటికలు అంటాం వాటిని. ఫోటోలో నేను నోరంతా తెరిచి ఏడుస్తున్నాను. నన్ను పట్టుకుని నవ్వుతున్న పడుచు మామకు నల్లగా, ఒత్తుగా, చెవుల మీదికి వచ్చేంత జుట్టు ఉంది. ఆ ఫోటో చూపిస్తే ఆయన ఎవరో మా పిల్లలు గుర్తుపట్టలేదు.

నా నడినెత్తి సంగతి తెలిసి మా అవ్వ నాకంటే ఎక్కువ కుంగిపోయింది. మా బాపు వైపు వాళ్లందరికీ అడవి లాంటి జుట్టు. పండక్కో పబ్బానికో కలిసినప్పుడల్లా "బోధన్ గుండ్లు" అని ఆమెను ఎగతాళి చేసేవాళ్లు. ఇన్నాళ్లూ నవ్వి ఊరుకున్నది, ఇప్పుడు ఊరుకోలేకపోయింది.

"తల్లిగారింటి నుంచి సారె తెచ్చిన, చీరెలు తెచ్చిన. గిది గూడ నేనే తెచ్చిన్నా కొడకా?" అని కళ్లొత్తుకుంది.

ఆ రోజుల్లోనే బస్టాండు దగ్గర ఒక మేడ మీద జుట్టు క్లినిక్ తెరిచారు. లేజర్ వైద్యం అని పెద్ద బోర్డు పెట్టారు. నేను చాలాసార్లు ఆ మెట్ల దాకా పోయి, తెలిసినవాళ్లు కనిపిస్తే పక్కనున్న చెప్పుల దుకాణంలో దూరేవాడిని. నాకు అవసరం లేని చెప్పులు కొన్న తర్వాత గానీ మెట్లెక్కే ధైర్యం రాలేదు.

డాక్టరు పడుచు మనిషి, మాట మెత్తన. అద్దం పెట్టి నా నడినెత్తి చూసి, ఇది వంశంలో వచ్చేదే అన్నాడు. నా తల మీద వెంట్రుకలు పూర్తిగా పోలేదట, సన్నబడి నూగులా మారాయట. ఎర్రటి వెలుగు కుదుళ్లకు తగిలితే కొందరిలో అవి మళ్లీ లావెక్కుతాయని, అందరిలో ఎక్కవని, ఓపికగా నెలల తరబడి రావాలని, మానేస్తే వచ్చింది కూడా మెల్లగా పోతుందని చెప్పాడు. ఇంత చెప్పాక ఇంకేం మిగిలింది అనుకున్నాను. అయినా ఒప్పుకున్నాను. ఆశ అట్లాంటిది, మా మామ మేనల్లుడిని కదా.

లేజర్ అంటే కాల్చడమో కోయడమో అనుకుని భయపడ్డాను కానీ అందులో ఏమీ లేదు. కుర్చీలో కూర్చోబెట్టి తల మీదికి ఒక టోపీ లాంటిది దించుతారు. బోర్లించిన వంట గంజు లోపల పెళ్లింటి సీరియల్ లైట్లు ఎర్రవి పెట్టినట్టుంటుంది. వేడి తగలదు, నొప్పి ఉండదు, ఏమీ తెలియదు. ఊరికే కూర్చోవాలి. ఊరికే కూర్చోవడం వ్యాపారస్తుడికి ఎంత కష్టమో డాక్టరుకేం తెలుసు. పక్క కుర్చీలో వర్ని నుంచి వచ్చే ఒక వరి రైతు కూర్చునేవాడు. ఒకరోజు ఆయన టోపీ కిందనుంచే అడిగాడు, "సారూ, గీ లైటు కింద నారు పెడితె గూడ గిట్లనే ఏపుగ వస్తదా?" డాక్టరు నవ్వు ఆపుకోలేక పక్క గదిలోకి పోయాడు. కరెంటు కోతలు జోరుగా ఉన్న కాలం అది. మధ్యలో లైటు పోతే ఇద్దరం టోపీల కింద చీకట్లో అట్లాగే కూర్చుని వానల గురించి, పసుపు ధర గురించి మాట్లాడుకునేవాళ్లం.

మా అవ్వకు దాచలేకపోయాను. లేజర్ అనగానే ఆమె బిత్తరపోయింది. "లేజరంటె కండ్లకు గదరా చేసేది. నెత్తికేం మోతిబిందు వచ్చిందా?" పక్కింటావిడకు కంటి పొర తీయించినప్పుడు ఆ మాట విన్నదట. నేను అంతా విడమరిచి చెప్పాను. విన్నది. లేచి దేవుడి గూటి ముందు కూర్చుంది. మరుసటి రోజు నుంచి చక్కెర లేని చాయ్ తాగడం మొదలుపెట్టింది. షుగరు పరీక్ష చేయించుకుంది కాబోలు అనుకున్నాను. బోధన్ ఆడబిడ్డ చక్కెర లేని చాయ్ తాగడమేమిటని నాకు తట్టి ఉండాల్సింది.

మొదట్లో జుట్టు ఇంకా ఎక్కువ రాలింది. క్లినిక్‌కు పోయి డాక్టరు మీద అరిచాను. కొందరికి మొదట్లో అట్లా అవుతుందని చెప్పి, నన్ను మళ్లీ ఆ గంజు కిందే కూర్చోబెట్టాడు. ఎండలు పోయాయి, వానలు వచ్చాయి. ఒకనాడు ఎవరో గిరాకీ అద్దాల మధ్య ప్యాంటు చూసుకుంటుంటే, అలవాటుగా నా చూపు నా నడినెత్తి మీదికి పోయింది. దాని మీద నల్లటి దారప్పోగుల్లాంటివి కనిపించాయి. బట్టల దుకాణంలో మామూలే కదా, దులుపుకున్నాను. పోలేదు. ఇంకోసారి గట్టిగా దులిపాను. పోలేదు. అప్పుడు అర్థమై నా చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆ గిరాకీ అడగకుండానే ధర తగ్గించాను. పాపం, ప్యాంటులో ఏదో లోపం ఉందని అనుమానపడి వదిలేసి పోయాడు.

ఆ ఆదివారం తలంటు ముందు మా అవ్వ నా తలకు నువ్వుల నూనె పెట్టింది. నడినెత్తి మీద ఆమె వేళ్లు ఆగిపోయాయి. మెల్లగా తడిమి చూసింది. తర్వాత నా భుజం మీద చుక్కలు పడ్డాయి. నూనె కాదు, కన్నీళ్లు.

"పుట్టెంటికలు కొడకా," అన్నది. "మల్ల మొలిసినయి. నా రాజన్న మాట నిలిపిండు."

అప్పుడు చెప్పింది మొక్కు సంగతి. కొడుకు తల మీద మళ్లీ జుట్టు మొలిస్తే అవి పుట్టువెంట్రుకల కిందే లెక్క, తొలి కాపు దేవుడిదే, మేనమామ ముందర కూర్చోబెట్టి తీయించి నీకే ఇస్తాను అని మొక్కిందట. మొక్కు తీరేదాకా చక్కెర ముట్టనన్నదట.

నాకు ఒళ్లు మండిపోయింది. "నెలల తరబడి గా గంజు కింద కూసున్నది నేను. మీ రాజన్న కూసున్నడా?"

"నీ పక్కన కూసున్న వర్ని ఆయనకు మొలిసిందా మరి?"

మొలవలేదు.

"అవ్వా, మొలిసిందే గింత. దాన్ని గూడ కొరిగిస్తనంటె ఎట్లనే?"

"పుట్టెంటికలు ఎవ్వరికన్న గంపెడు ఉంటయారా? గింతనే ఉంటయి," అని నూనె గిన్నె తీసుకుని లోపలికి పోయింది.

వైద్యం పేరు చెప్పి తప్పించుకుందామని మరునాడే క్లినిక్‌కు పోయాను. గుండు చేయిస్తే వైద్యం చెడిపోతుందని ఒక్క మాట అంటే చాలు డాక్టరుగారూ అన్నట్టే అడిగాను. ఆయన నా ఆశ మీద నీళ్లు చల్లాడు. "కుదుళ్లు చర్మం లోపల ఉంటాయండీ. పైన గొరిగితే వాటికేం కాదు. మళ్లీ వస్తుంది, కొంచెం టైం పడుతుంది అంతే." తర్వాతెప్పుడో, ఇంకొన్నాళ్లు క్లినిక్‌కు పోయి, విసుగొచ్చి మానేశాను, ఆయన చెప్పినట్టే వచ్చింది మెల్లగా పోయింది. అది వేరే సంగతి. అప్పుడు మాత్రం నాకు ఆ కాసిన్ని వెంట్రుకలే ప్రాణం. పెళ్లిళ్ల సీజన్ అన్నాను, గిరాకీ ఎక్కువ ఉంది అన్నాను, నడుం నొప్పి అన్నాను. మా అవ్వ మాత్రం రోజూ నా ఎదురుగా కూర్చుని, చేదు చాయ్‌ని ఒక్కో గుటకా మింగేది.

చివరికి ఆమె బోధన్‌కు కబురు పంపింది. మామ అప్పుడే రిటైరయ్యాడు. ఎప్పటిలాగే మాకోసం చక్కెర సంచి సంకన పెట్టుకుని దిగాడు. ఆయన్ను చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. జుట్టు విలువ జుట్టు లేనివాడికి తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? నా తరఫున మాట్లాడతాడని గట్టిగా నమ్మాను. దుకాణంలో కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. అంతా విని, "ఏదీ, ఒంగు," అన్నాడు. వంగాను. అరచేత్తో నా నడినెత్తిని ఎంతోసేపు నిమిరాడు.

"గొర్రెపిల్ల బొచ్చు లెక్క మెత్తగున్నదిరా," అన్నాడు. కాసేపు అద్దాల వంక చూసి, గొంతు తగ్గించి అడిగాడు. "అల్లుడా, గా లైటు కాడికి నన్నొక్కసారి తీస్కపోతవా?"

నేను నవ్వబోయి ఆయన ముఖం చూసి ఆగిపోయాను. వెంటనే తీసుకుపోయాను.

డాక్టరు ఆయన తలను అద్దం పెట్టి చాలాసేపు చూశాడు. నా తల కంటే ఎక్కువసేపే చూశాడు. తర్వాత ఎదురుగా కూర్చుని మర్యాదగా చెప్పాడు. "పెద్దాయనా, ఇక్కడ కుదుళ్లు ఎప్పుడో మూసుకుపోయాయి. సన్నబడ్డ వెంట్రుకకు ఈ వెలుగు బలం ఇవ్వగలదు గానీ, లేని వెంట్రుకను తేలేదు. మిమ్మల్ని ఊరికే కూర్చోబెట్టి డబ్బులు తీసుకోవడం నాకు న్యాయం కాదు."

మామ తలూపాడు. "మంచిది సారూ. మా కాటా కాడ గూడ గంతే. బండిల లేని చెరకు ఎట్ల తూగుతది?"

నవ్వుతూనే మెట్లు దిగాడు. బస్టాండు పక్కన హోటల్లో కూర్చున్నాం. చాయ్ సాసర్లో పోసుకున్నాడు కానీ తాగలేదు. నేను ఉండబట్టలేక అడిగాను.

"మామా, గీ వయసుల నీకు జుట్టెందుకే?"

"సోకుకు గాదురా." సాసర్ వంక చూస్తూనే అన్నాడు. "రాజన్న కాడికి ఎన్నిసార్లు పోయినం? అందరు లోపటికి పోతరు, ఇచ్చి వస్తరు. నేను చెప్పుల కాడ. నీకు పచ్చకామెర్లయినప్పుడు అందరు మొక్కిండ్రు, ఇచ్చిండ్రు. నాకు గూడ మొక్కబుద్దయింది. ఏం పెట్టి మొక్కాలె? ఇయ్యనీకి ఏం లేకపాయె. గిప్పుడు గీ లైటు తోని పిడికెడన్న మొలిస్తే, తీస్కపోయి ఇద్దామనుకున్న. గంతే."

ఎన్ని వేసవులు, ఎన్ని సీసాలు, ఎన్ని నవ్వులు. "మొలాసిస్ రాసుకున్నది గూడ గందుకేనా?" అన్నాను.

"ఛ! అది సోకుకే," అన్నాడు మామ, నవ్వాడు. "అప్పుడు పడుచోన్ని."

నేను కూడా నవ్వాను, కానీ నాకు ఏడుపు వచ్చింది, హోటల్లో నలుగురి ముందర వచ్చింది. ఆయన మొలిస్తే ఇద్దామని చూస్తున్నాడు, నేను మొలిచినదాన్ని దాచుకుందామని చూస్తున్నాను. ఇన్నాళ్ల నా కోపం ఎటు పోయిందో తెలియదు.

"ఎల్లుండి పోదాం మామా. కత్తెర నువ్వే పట్టాలె," అన్నాను. అప్పుడు చాయ్ తాగాడు.

వేములవాడకు మేం నలుగురం పోయాం, అవ్వ, మామ, మా ఆవిడ, నేను. మా అవ్వ కొత్త బట్టలు, కొబ్బరికాయ, పసుపు కుంకుమ అన్నీ సంచిలో సర్దుకుని వచ్చింది. కళ్యాణకట్టలో క్షౌరం చేసే ఆయన ఆ సంచి చూసి, "పుట్టెంటికలా? పిలగాడేడి?" అన్నాడు.

"గీయ్నే," అన్నాడు మామ నన్ను చూపించి.

ఆయన నన్ను కింది నుంచి మీది దాకా చూశాడు. దేవుడి దగ్గర ఇట్లాంటివి ఎన్ని చూశాడో, ఇంకేమీ అడగలేదు. నాది ఒడిలో కూర్చునే వయసూ కాదు, బరువూ కాదు. మామ గట్టు మీద కూర్చున్నాడు, నేను కింద కూర్చుని ఆయన మోకాళ్లకు ఆనుకున్నాను. పిల్లలు కదలకుండా పట్టుకున్నట్టు నా రెండు భుజాలూ పట్టుకున్నాడు. "ఏడ్వకు బిడ్డా, గడియల అయిపోతది," అన్నది మా అవ్వ. మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మామ కత్తెర అందుకున్నాడు. నడినెత్తి మీద కొత్తగా వచ్చినవాటినే వెతికి వెతికి పట్టుకున్నాడు. వెనక ఎవరో తొందరపెట్టినా వినలేదు. కత్తెర చప్పుడు నాకు చాలా సన్నగా వినిపించింది. కత్తిరించినవి ఒక్కటి కూడా కింద పడనివ్వకుండా తన తువ్వాల కొసలో వేసుకుని ముడి వేశాడు, హుండీలో వేయడానికి. మిగతాది కత్తి చూసుకుంది.

స్నానం చేసి వచ్చాక మా అవ్వ నా గుండుకు గంధం పూసింది. అదే చల్లదనం. ఏళ్లు గడిచినా అదే. కళ్లు మూసుకుంటే బోధన్ పిల్లలందరూ నా చుట్టూ ఉన్నట్టనిపించింది.

బయటికి వచ్చేసరికి మామ అలవాటు ప్రకారం గోడ నీడ చూసుకుని, మా చెప్పులు జతలు పేర్చి, వాటి పక్కన కూర్చోబోతున్నాడు. నేను పోయి ఆయన రెక్క పట్టుకున్నాను.

"లే మామా. నువ్వు లోపటికి పో. చెప్పుల కాడ నేను కూసుంట."

"నేనెందుకురా? నా కాడ ఏమున్నది?"

"తువ్వాలల ఉన్నది గద."

ఆయన ముడి వంక చూసుకున్నాడు. తువ్వాల కొసను పిడికిట్లో బిగించి పట్టుకుని, అక్క వెనకాల వరుసలో నిలబడ్డాడు. మా ఆవిడ ప్రసాదం కోసం పోయింది. నేను గోడ నీడలో, నాలుగు జతల చెప్పుల పక్కన కూర్చున్నాను. వచ్చేపోయేవాళ్లు నా వంక చూడనైనా చూడలేదు. చెప్పుల దగ్గర కూర్చున్న మనిషి ఎవరికీ కనిపించడని నాకు అప్పుడు తెలిసింది. వరుస కదలడం లేదు. ఎండ నీడను తినుకుంటూ నా కాళ్ల దగ్గరికి వచ్చింది.

చాలాసేపటికి మామ బయటికి వచ్చాడు. దూరం నుంచే తువ్వాల విప్పి, రెండు చేతులా చాపి చూపించాడు. అందులో ఏమీ లేదు.

"ఇచ్చిన అల్లుడా," అన్నాడు దగ్గరికి వచ్చి. "నా చేతితోని ఇచ్చిన."

"ఇగ అందరం ఒక్కటే," అన్నాను నేను. ఆయన వంగి తన తలను నా తలకు ఆనించి, చిన్నప్పటిలాగే అటూ ఇటూ రాశాడు. నా గంధం సగం ఆయన నెత్తికి అంటుకుంది. తువ్వాల భుజం మీదే ఉంది. బోధన్‌లో బస్సు దిగేదాకా మామ ఆ గంధం తుడుచుకోలేదు.